తెలుగుతో మీడియాలో ఉపాధి: దారులెన్ని, నిలబెట్టే నైపుణ్యమేది?

న్యూఢిల్లీ: 2025 ఫిబ్రవరి 7 ఉదయం 10 గంటలకు రిజర్వు బ్యాంకు గవర్నర్ సంజయ్ మల్హోత్రా ద్రవ్యపరపతి విధాన ప్రకటన చదవడం ప్రారంభించారు. రెపో రేటు 6.5 శాతం నుంచి 6.25 శాతానికి తగ్గింది. దాదాపు అయిదేళ్ల తర్వాత వచ్చిన తొలి తగ్గింపు అది. ఇలాంటి ప్రకటన వెలువడిన నిమిషాల్లోనే ఆంగ్ల వార్త అన్ని భాషల డెస్కులకూ చేరుతుంది. తెలుగు డెస్కులో కూర్చున్న ఉప సంపాదకుడి ముందు అప్పుడొక చిన్న ప్రశ్న నిలుస్తుంది. ‘రెపో రేటు 0.25 శాతం తగ్గింది’ అని రాయవచ్చా?

కచ్చితంగా చెప్పాలంటే రాయకూడదు. 6.5లో 0.25 అంటే సుమారు 3.8 శాతం. తగ్గినది పావు శాతం కాదు, పావు శాతం పాయింటు. గృహరుణం వాయిదా ఎంత తగ్గుతుందో లెక్క వేసుకునే పాఠకుడికి ఈ తేడా అవసరం. దాన్ని గుర్తించి, అర్థమయ్యే తెలుగులో రెండు మూడు నిమిషాల్లో రాయగలగడం ఒక వృత్తి. మీడియాలో తెలుగుతో బతుకుతెరువు వెతుక్కుంటున్న యువతకు ఈ వృత్తి స్వరూపం తెలియడం ఇప్పుడు మరింత ముఖ్యం. అవకాశాల సంఖ్య పెరుగుతున్న కాలంలోనే ప్రారంభస్థాయి పనిని యంత్రాలు అందుకుంటున్నాయి.

విస్తరించిన రంగం, మారిన రాబడి

ఫిక్కీ, ఈవై సంస్థలు 2025లో విడుదల చేసిన నివేదిక ప్రకారం దేశ మీడియా, వినోద రంగం విలువ 2024లో 2.5 లక్షల కోట్ల రూపాయలకు చేరింది. ఆ ఏడాది డిజిటల్ మీడియా తొలిసారిగా టెలివిజన్‌ను దాటి, మొత్తం రాబడిలో 32 శాతం వాటా పొందింది. మరోవైపు 2011 జనగణనలో తెలుగును మాతృభాషగా పేర్కొన్నవారు 8.11 కోట్ల మంది. హిందీ, బెంగాలీ, మరాఠీల తర్వాతి స్థానం తెలుగుదే.

ఈ అంకెలను పక్కపక్కన పెట్టి చూస్తే ఉద్యోగాలకు కొదవ ఉండదనిపిస్తుంది. అయితే రంగం రాబడి పెరిగినంత మాత్రాన వార్తాగదుల్లో కుర్చీలు పెరగవు. డిజిటల్ ప్రకటనల సొమ్ములో పెద్ద వాటా సెర్చ్, సామాజిక మాధ్యమాలను నడిపే సంస్థలకు వెళుతుంది. వార్త రాసే సంస్థకు మిగిలేది తక్కువ. అందువల్ల ‘మీడియాలో అవకాశాలు’ అన్నప్పుడు పత్రిక, చానల్ అనే రెండు మాటలతో ఆగకుండా, భాష తెలిసిన మనిషి అవసరం ఎక్కడెక్కడ ఉందో విడివిడిగా చూడాలి.

వార్తాసంస్థలు, ప్రభుత్వ ప్రసార వ్యవస్థ

వార్తాసంస్థ పని టోకు వర్తకం వంటిది. అది సేకరించిన వార్తను పత్రికలు, చానళ్లు, వెబ్‌సైట్లు కొనుక్కుని తమ పాఠకులకు అందిస్తాయి. ప్రెస్ ట్రస్ట్ ఆఫ్ ఇండియా 1947లో నమోదై 1949లో కార్యకలాపాలు ఆరంభించింది. యునైటెడ్ న్యూస్ ఆఫ్ ఇండియా 1961లో సేవలు మొదలుపెట్టింది. యూఎన్‌ఐ 1982లో ‘యూనీవార్త’ పేరుతోనూ, పీటీఐ 1986లో ‘భాష’ పేరుతోనూ హిందీ సేవలు తెచ్చాయి. ఇంటర్నెట్ విస్తరించాక ఇతర భారతీయ భాషల్లోనూ వార్తాసేవలు పెరిగాయి. బీబీసీ తెలుగు సేవ 2017 అక్టోబరు 2న మొదలైంది. ఈటీవీ భారత్ 2019లో 13 భాషల్లో డిజిటల్ వార్తలకు శ్రీకారం చుట్టింది.

ఇటువంటి సంస్థల్లో ప్రధానమైన ఉద్యోగం డెస్కులో ఉంటుంది. ఆంగ్లంలోనో హిందీలోనో వచ్చిన ప్రతిని తెలుగు చేయడం, జిల్లా నుంచి వచ్చిన తెలుగు వార్తను సరిదిద్దడం, శీర్షిక పెట్టడం, ఫొటో వ్యాఖ్య రాయడం, సామాజిక మాధ్యమాలకు కుదించడం అన్నీ ఒకే మనిషి చేయవలసి రావచ్చు. పని మూడు షిఫ్టుల్లో సాగుతుంది. రాత్రి షిఫ్టు తప్పదు. పండుగ రోజుల్లోనూ డెస్కు మూతపడదు. ఎన్నికల ఫలితాల రోజున సెలవు అడిగే ఆచారం లేదు.

ప్రభుత్వ రంగంలో పత్రికా సమాచార కార్యాలయం తెలుగులో ప్రకటనలు విడుదల చేస్తుంది. హైదరాబాద్, విజయవాడలలోని ఆకాశవాణి ప్రాంతీయ వార్తా విభాగాలు న్యూస్ రీడర్ కమ్ ట్రాన్స్‌లేటర్ల ప్యానెళ్లకు పరీక్ష, స్వరపరీక్ష నిర్వహించి అభ్యర్థులను ఎంపిక చేస్తుంటాయి. ఇవి శాశ్వత నియామకాలు కావు. విధికి పిలిచిన రోజులకు మాత్రమే పారితోషికం ఉంటుంది. అయినా బులెటిన్‌కు ఇచ్చిన నిమిషాల్లో ఇమిడేలా, చెవికి ఇంపుగా, ఒక్క తప్పు లేకుండా రాయడం నేర్పే బడులు అంతకు మించినవి అరుదు. పత్రిక చదివేవారు అర్థం కాని వాక్యాన్ని మళ్లీ చదువుకోవచ్చు. రేడియో వినేవారికి ఆ వెసులుబాటు ఉండదు.

పత్రికలు, చానళ్లు

తెలుగు దినపత్రికల్లో ప్రవేశానికి చాలాకాలంగా ఉన్న రాచబాట వాటి సొంత జర్నలిజం పాఠశాలలు. ఈనాడు, సాక్షి వంటి పత్రికలు ప్రవేశపరీక్ష ద్వారా అభ్యర్థులను తీసుకుని శిక్షణకాలంలో భృతి చెల్లించే పద్ధతిని అనుసరించాయి. భాషాశాస్త్రవేత్త బూదరాజు రాధాకృష్ణ ఈనాడు జర్నలిజం పాఠశాల ప్రిన్సిపల్‌గా పనిచేసి, పత్రికల్లో మాటల వాడుకపై పుస్తకాలు రాశారు. వ్యాకరణం తెలిసినవారికి వార్తాగదిలో ఏం పని అనే సందేహానికి ఆయన వృత్తిజీవితమే సమాధానం.

గ్రామీణ వార్తాసేకరణ వ్యవస్థ ఇందుకు పూర్తిగా భిన్నం. మండల స్థాయి కంట్రిబ్యూటర్లలో చాలామందికి నెల జీతం ఉండదు. ప్రచురితమైన వార్త పరిమాణాన్ని బట్టి లెక్కగట్టే ‘లైన్ అకౌంట్’ మీద ఆధారపడాలి. అనేకచోట్ల ప్రకటనలు సేకరించే బాధ్యత కూడా వారి నెత్తినే పడుతుంది. ఏ అధికారి తప్పును రాయాలో అదే అధికారి శాఖ నుంచి ప్రకటన అడగవలసిన పరిస్థితి పాత్రికేయుణ్ని ఇరుకున పెడుతుంది. ఈ మార్గంలో అడుగుపెట్టే యువత ఈ విషయాన్ని ముందే తెలుసుకోవాలి.

టెలివిజన్‌లో తెరమీద కనిపించే యాంకర్ల కంటే వెనుక పనిచేసేవారి సంఖ్య ఎక్కువ. బులెటిన్ ప్రొడ్యూసర్, కాపీ ఎడిటర్, స్క్రోలింగ్ రాసేవారు, వీడియో ఎడిటర్, వాయిస్ ఓవర్ కళాకారులు అందులో భాగం. వీడియోను సొంతంగా కూర్చగల కాపీ ఎడిటర్‌కు డిజిటల్ విభాగాల్లో గిరాకీ ఎక్కువగా ఉంది.

వార్తలకు వెలుపల

తెలుగు తెలిసినవారికి వినోదరంగంలో లభించే పని తక్కువేమీ కాదు. సినిమాలు, వెబ్ సిరీస్‌లు ఏకకాలంలో అనేక భాషల్లో విడుదలవుతున్నాయి. తెలుగు ప్రధానంగా 2020లో ‘ఆహా’ స్ట్రీమింగ్ వేదిక మొదలైంది. ఇతర వేదికలూ తెలుగు ధ్వని, ఉపశీర్షికలు అందిస్తున్నాయి.

డబ్బింగ్ రచయిత కేవలం అర్థాన్ని తెలుగు చేస్తే చాలదు. ప, బ, మ వంటి అక్షరాలు పలికేటప్పుడు పెదవులు మూసుకుంటాయి. తెరమీద నటుడి పెదవులు మూసుకున్న క్షణంలో తెలుగు మాటలోనూ అటువంటి అక్షరం పడాలి. వాక్యం నిడివి నటుడి ఊపిరికి సరిపోవాలి. ఉపశీర్షికల రచయితకు వేరే కట్టుబాటు ఉంది. సాధారణంగా తెరమీద రెండు పంక్తులకు మించరాదు. మాట్లాడే వేగం చదివే వేగం కంటే ఎక్కువ కాబట్టి సంభాషణలో ఏది వదలాలో తెలియాలి.

దివ్యాంగులకు అందుబాటు కల్పించే పని కొత్తగా ఎదుగుతున్న విభాగం. వినికిడి లోపం ఉన్నవారికి టీవీ కార్యక్రమాలు చేరువ చేసేందుకు కేంద్ర సమాచార, ప్రసార శాఖ 2019లో ప్రమాణాలు ప్రకటించింది. థియేటర్లలో ప్రదర్శించే చలనచిత్రాలకు 2024 మార్చిలో మార్గదర్శకాలు జారీ చేసింది. చూపులేని ప్రేక్షకులకు తెరమీది దృశ్యాన్ని మాటల్లో చెప్పే ఆడియో వర్ణన అందులో ఒకటి. ‘ఆమె చీరకొంగుతో కళ్లు ఒత్తుకుంది’ అనే ఒక్క వాక్యాన్ని రెండు సంభాషణల నడుమ ఉన్న మూడు సెకన్లలో ఇమిడ్చేందుకు తెలుగు మీద గట్టి పట్టు కావాలి.

నిజనిర్ధారణ మరో శాఖ. హైదరాబాద్ కేంద్రంగా 2014లో మొదలైన ఫ్యాక్ట్‌లీ తెలుగులోనూ నిజనిర్ధారణ కథనాలు ప్రచురిస్తోంది. పాత వీడియోను కొత్త ఘటనగా చూపడాన్ని పట్టుకోవడం, ప్రభుత్వ గణాంకాల మూలపత్రాన్ని తిరగేయడం, ఉపన్యాసంలో అసలు అన్న మాట ఏమిటో విని రాయడం ఇక్కడి నిత్యకృత్యం. అయితే ఈ రంగం ఆదాయంలో కొంత భాగం సామాజిక మాధ్యమ సంస్థల ఒప్పందాల నుంచి వస్తుంది. 2025 జనవరిలో మెటా సంస్థ అమెరికాలో ఇటువంటి కార్యక్రమాన్ని ముగిస్తున్నట్లు ప్రకటించింది. ఒకే కొనుగోలుదారుపై ఆధారపడిన ఉద్యోగం ఎంత సున్నితమైనదో ఆ ప్రకటన తెలియజేసింది.

యంత్రం చేసేది, చేయలేనిది

కేంద్ర ప్రభుత్వం 2022లో ప్రారంభించిన ‘భాషిణి’తో పాటు అనేక వాణిజ్య సాధనాలు నేడు ఆంగ్ల వార్తను క్షణాల్లో తెలుగు చేస్తున్నాయి. చాలా వార్తాగదుల్లో తొలి ముసాయిదా యంత్రానిదే. దాన్ని సరిచూసే పని మనిషిది. గతంలో కొత్తగా చేరినవారు సులువైన వార్తలు అనువదిస్తూ పని నేర్చుకునేవారు. ఇప్పుడు ఆ మెట్టు సన్నబడింది. చేరిన మొదటి వారంలోనే ఇతరుల తప్పు పట్టుకోగల స్థాయి ఉండాలని సంస్థలు ఆశిస్తున్నాయి.

తప్పులు ఎక్కడ దొర్లుతాయో కొన్ని ఉదాహరణలు చూస్తే ఈ పని స్వభావం బోధపడుతుంది.

ఒక మంత్రి ఆంగ్లంలో ‘వి విల్ పే’ అన్నారనుకుంటే, తెలుగులో ‘మేము చెల్లిస్తాం’ అనాలా, ‘మనం చెల్లిస్తాం’ అనాలా? మొదటిదానిలో భారం ప్రభుత్వానిది. రెండోదానిలో వింటున్నవారూ భాగస్వాములే. ఆంగ్లంలో ఈ తేడా లేదు, తెలుగులో సర్వనామం వాడితే దాన్ని దాటవేసే వీలు లేదు. ముందూ వెనుకా ఏమన్నారో తెలిస్తేనే సరైన మాట పడుతుంది.

ఆస్తి తగాదా వార్తలో ‘అంకుల్’ అని వస్తే ఆయన పెదనాన్న, బాబాయి, మేనమామ, మామయ్యలలో ఎవరో తేల్చుకోవాలి. తండ్రి తరఫు బంధువా, తల్లి తరఫు బంధువా అన్నదానిపైనే ఆ వార్త అంతా ఆధారపడి ఉండవచ్చు. ఆంగ్ల ప్రతిలో ఆధారం దొరకనప్పుడు విలేకరికి ఫోను చేయడమే దారి.

‘అక్యూజ్డ్’ అంటే నిందితుడు. కోర్టు నేరం నిర్ధారించాకే దోషి. ఒకదానికి బదులు మరొకటి పడితే ఒక మనిషి పరువు పోతుంది, సంస్థ పరువునష్టం దావాను ఎదుర్కోవలసి వస్తుంది. బిలియన్ అంటే 100 కోట్లు, ట్రిలియన్ అంటే లక్ష కోట్లు. ఇక్కడ ఒక్క సున్నా తప్పినా బడ్జెట్ వార్త తలకిందులవుతుంది.

అన్నింటికంటే సూక్ష్మమైనది గౌరవవాచకం. ఆంగ్లంలోని ‘హి’ ఒక్కటే. తెలుగులో వాడు, అతడు, ఆయన ఉన్నాయి. ఒకే తరహా కేసులో అరెస్టయిన కూలీని ‘అతడు’ అనీ, రాజకీయ నాయకుణ్ని ‘ఆయన’ అనీ రాస్తే ఆ వార్త తీర్పు చెప్పకుండానే తీర్పు చెప్పినట్లవుతుంది. యంత్రం తాను చదివిన కోట్ల వాక్యాల్లో ఉన్న అలవాటును తిరిగి అప్పగిస్తుంది. ఆ అలవాటు న్యాయమైనదో కాదో ఆలోచించవలసింది డెస్కులోని మనిషే.

అందుకే వేగంగా అనువదించడం ఒక్కటే అర్హతగా వచ్చేవారికి అవకాశాలు కుంచించుకుపోతున్నాయి. విషయం తెలిసి, రెండు భాషల నాడి పట్టుకుని, వార్తకు బాధ్యత వహించగలవారి అవసరం మాత్రం తగ్గడం లేదు. యంత్రం ఎంత ఎక్కువ రాస్తే సరిచూడవలసినది అంత ఎక్కువ ఉంటుంది.

చదువు ఎక్కడ

ఉస్మానియా విశ్వవిద్యాలయంలో పాత్రికేయ విద్య 1954 నుంచి ఉంది. 1985లో ఏర్పడిన తెలుగు విశ్వవిద్యాలయం తెలుగు మాధ్యమంలో జర్నలిజం బోధించింది. హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో కమ్యూనికేషన్ విభాగంతో పాటు అనువర్తిత భాషాశాస్త్ర, అనువాద అధ్యయన కేంద్రం ఉంది. ఆంధ్ర విశ్వవిద్యాలయం, తిరుపతిలోని శ్రీ పద్మావతి మహిళా విశ్వవిద్యాలయంలోనూ జర్నలిజం విభాగాలు ఉన్నాయి. 1965లో న్యూఢిల్లీలో నెలకొల్పిన భారతీయ జనసంచార సంస్థ 2024లో డీమ్డ్ విశ్వవిద్యాలయ హోదా పొందింది.

జర్నలిజం పట్టా లేనివారికి తలుపులు మూసినట్లు కాదు. అర్థశాస్త్రం, న్యాయశాస్త్రం, వ్యవసాయం, వైద్యం చదివి తెలుగు బాగా రాయగలవారి కోసం డెస్కులు ఎదురుచూస్తాయి. బడ్జెట్ రోజున ద్రవ్యలోటుకూ రెవెన్యూ లోటుకూ తేడా చెప్పగలవారి విలువ ఆ రాత్రి అందరికీ తెలుస్తుంది.

చేరేముందు అడగవలసినవి

మీడియా ఉద్యోగంపై ఆకర్షణ ఎక్కువ కావడం వల్ల జీతం, నియామక నిబంధనలు అడగడానికి కొత్తవారు మొహమాటపడతారు. అదే తర్వాత ఇబ్బంది తెస్తుంది. పత్రికలు, వార్తాసంస్థల్లోని పాత్రికేయుల పనిపరిస్థితులను 1955 నాటి వర్కింగ్ జర్నలిస్టుల చట్టం నిర్దేశించింది. నాలుగు వారాల్లో పని 144 గంటలకు మించరాదని, సంపాదకులు కాని పాత్రికేయులను తొలగించాలంటే మూడు నెలల ముందు నోటీసు ఇవ్వాలని అందులో ఉండేది. ఆ చట్టం కింద ఏర్పడిన మజీఠియా వేతన సంఘం సిఫార్సులను కేంద్రం 2011లో ప్రకటించగా, సుప్రీంకోర్టు 2014లో సమర్థించింది. ఒప్పంద ఉద్యోగులకూ అవి వర్తిస్తాయని 2017లో స్పష్టం చేసింది. టీవీ, డిజిటల్ పాత్రికేయులు ఆ చట్టం పరిధికి బయటే ఉండిపోయారు. 2020లో పార్లమెంటు ఆమోదించిన వృత్తి భద్రత, ఆరోగ్య, పని పరిస్థితుల కోడ్ పాత్రికేయుల నిర్వచనంలో ఎలక్ట్రానిక్, డిజిటల్ మాధ్యమాలను చేర్చింది. కొత్త కార్మిక కోడ్‌లు 2025 నవంబరు 21 నుంచి అమలులోకి వచ్చాయి.

కాగితం మీది హక్కు చేతికి అందాలంటే నియామక పత్రం ఉండాలి. చేతిలో పత్రం పడకముందే పాత ఉద్యోగం వదులుకోవడం మంచిది కాదు. హోదా ‘పాత్రికేయుడు’ అని ఉందా, ‘కన్సల్టెంట్’ అని ఉందా చూసుకోవాలి. భవిష్యనిధి జమ చేస్తారా, రాత్రి షిఫ్టు ముగిశాక ఇంటికి వాహనం ఉంటుందా, పరిశీలనకాలం ఎన్ని నెలలు, ఒప్పందం ముందే రద్దయితే నోటీసు ఎంత అన్నవి అడిగితే తప్పు పట్టే సంస్థలో చేరకపోవడమే మేలు. శిక్షణ పేరుతో డబ్బు అడిగేవారిని, పరీక్ష పేరుతో పదుల పేజీల అనువాదం ఉచితంగా చేయించుకునేవారిని అనుమానించాలి. ప్రవేశపరీక్షకు ఒకటి రెండు పేజీలు చాలు.

సాధన ఎలా

ఖర్చు లేని సాధన ఒకటుంది. పత్రికా సమాచార కార్యాలయం ఆంగ్లంలో విడుదల చేసే ప్రకటనల్లో రోజుకొకటి ఎంచుకుని 200 మాటల తెలుగు వార్తగా రాయాలి. ప్రకటన వరస అనుసరించకుండా, పాఠకుడికి ముఖ్యమైనది మొదటి వాక్యంలో రావాలి. ఆ తర్వాత అదే ప్రకటనను యంత్రంతో అనువదింపజేసి, రెండింటినీ పోల్చి, తేడాలను పుస్తకంలో రాసుకోవాలి. రాసినదాన్ని బిగ్గరగా చదివితే ఊపిరి ఆగిన చోట వాక్యం విరవాలని తెలుస్తుంది. ‘చేయబడింది’, ‘ఇవ్వబడింది’ వంటి మాటలు ఎన్ని పడ్డాయో లెక్కపెడితే ఆంగ్లవాక్యం నీడ ఎంత మిగిలిందో అర్థమవుతుంది.

ఆరు నెలల్లో నూటయాభైకి పైగా వార్తలు చేరుతాయి. వాటిలో మంచివి పది ఎంచి, మూలప్రతితో సహా దరఖాస్తుకు జతచేస్తే పట్టా కంటే అవే ఎక్కువ చెబుతాయి. తప్పులు రాసుకున్న పుస్తకాన్ని కూడా దాచుకోవాలి. డెస్కులో చేరిన మొదటి రాత్రి, బాధ్యుడు యంత్రం అనువదించిన ప్రతిని పంపి అయిదు నిమిషాల్లో చూసి విడుదల చేయమన్నప్పుడు, కళ్లు మొదట ఎక్కడికి పోవాలో ఆ పుస్తకమే నేర్పి ఉంటుంది.